కుందుర్పి కాడి ఇటలీ

మీలో ఎవురన్నా ఇటలీకి పోయినారాప్పా? నేను పోయినా. కళ్యాణదుర్గంలో బస్సు మారి, కుందుర్పి దిక్కు పోయినా. నవ్వద్దండి, నేనింకా ఏమీ చెప్పలే.

నా పేరు నరసింహప్ప. మా పెండ్లిపత్రికలో తప్ప ఆ పేరు ఇంక యాడా వాడినట్ల లేదు. అందరికీ నేను ప్లానప్పను. మిక్సీకి కరెంటు దండగని ఒకసారి మా ఊర్నించి పాత రోలును లారీలో తెప్పించినా. అది వాకిలి కాడ దిగింది. లోపలికి మోసే మొనగాడు దొరకలే. ఇప్పటికీ నేను దాని మీద కూచోని పేపరు చదువుతా. లోపల మిక్సీ తిరుగుతానే ఉండాది.

మా ఇంటామె పేరు గంగాదేవి. నాకు వరసకు అక్క కూతురు, అందుకని మామా అని పిలుస్తాది. ఆ పిలుపులో మర్యాద ఎంత ఉంటాదనేది ఆ పొద్దు నేనేం చేసినానో దాన్ని బట్టి ఉంటాది. మామూలుగా తక్కువే ఉంటాది.

ఇది రెండువేల ఐదో సంవత్సరం మాట. ఆ ఎండాకాలం అనంతపురంలో మా ఇంటికి చుట్టాలు ఒకరెనక ఒకరు దిగినారు. పెండ్లికొచ్చినోళ్లు, ఆస్పత్రికొచ్చినోళ్లు, పరీక్షకొచ్చినోళ్లు, ఊరికే వచ్చినోళ్లు. ఆఖరి చుట్టం బస్సెక్కిన పొద్దు గంగ గరిటె కింద పెట్టింది. విసిరికొట్టింటే నేను భయపడేవాణ్ణి కాదు. మెల్లగా పెట్టింది.

"మామా, నాకు రెండు దినాలు కావల్ల" అనింది.

"యాటికి?"

"పొయ్యి ముట్టించకుండా బతికేకి. ఎవురో వండిపెట్టల్ల, నేను తినల్ల, ఎంగిలి కంచం ఆడనే ఇడిసిపెట్టి లేసి పోవల్ల. పెండ్లైనప్పట్నించి ఒక్క దినం గూడా అట్ల జరగలే."

"ఎందుకు జరగలే? పోయినేడు నీకు జొరమొచ్చింది కద?"

"జొరంలో గూడా నా గంజి నేనే కాంచుకున్నా. నీకు గూడా ఒక లోటా పోసినా."

అది నిజమే. గంజి బాగుండింది గూడా.

"సరే, హోటలుకు పోదాం పా" అన్నా.

"నువ్వు పోయే హోటలు నాకు తెలుసు. ఒక ప్లేటు ఇడ్లీ తెప్పిస్తావు. చట్నీ మాత్రం ఇద్దరికీ పోయించుకుంటావు."

"చట్నీ ఊరికే పోస్తారే, పోయించుకోకపోతే వాళ్లేమనుకుంటారు?"

గంగ నవ్వలే. "మామా, నేను తమాషాకు అడగడం లే. ఈ రెండు దినాలు ఇస్తానని మాటియ్యి, నిలబెట్టుకో. లేదంటావా, ఇంక నీతో జన్మలో ఏదీ అడగను" అనింది.

పెండ్లాం ఏదీ అడక్కపోతే సుఖమే కదప్పా అని మీరనుకుంటాండారంటే, మీకింకా పెండ్లి కాలేదని అర్థం. గంగ అడగడం మానేస్తే ఆ ఇంట్లో నేను గూడా ఒక చుట్టాన్నే.  చేతిలో చెయ్యేసి మాటిచ్చినా.

మాటైతే ఇచ్చినా, దుడ్లు ఇచ్చేకి చెయ్యి రావల్ల కద. ఊటీ అనుకుంటే ఊటీ దూరం. తిరుపతి అనుకుంటే క్యూలో నిలబెట్టి రెస్టు అంటే గంగ ఒప్పదు. ఇట్ల ఆలోచిస్తా క్షవరానికి పోయినా. ఆడ పాత వారపత్రిక ఒకటుండింది. ముందర అట్ట లేదు, ఎనకాల అట్ట లేదు, నడుమ మాత్రం ఇటలీ ఉండింది.

దాంట్లో ఏం రాసినారంటే, ఆ దేశంలో ఉండే గొప్పోళ్లు శనివారమొస్తే ఊర్లు ఇడిసిపెట్టి పల్లెల్లో రైతుల చేన్లకు పోతారంట. రైతు ఇంట్లోనే దిగి, ఆయప్ప చేన్లో పండింది తిని, ఆవుల్ని జూసి, గడ్డివాము పక్కన పండుకోని, దానికి దుడ్లు గూడా ఇచ్చి వస్తారంట. బొమ్మ ఏసినారు. బొమ్మలో రాతి ఇల్లు, ఎర్రమన్ను, గుట్ట, ఒక కుర్చీ, కుర్చీలో ఒకామె. నేను ఆ బొమ్మను శానాసేపు జూసినా. రాతి ఇల్లు మనకు లేదా? ఎర్రమన్ను లేదా? గుట్టలకేం కరువా? వాళ్లకు ఆలివు నూనె, మనకు సెనిక్కాయ నూనె. తక్కువైంది కుర్చీ ఒకటే. మంగలాయప్ప సగం మొకం గీసి ఇంకో సగం తిప్పమంటే గూడా నాకు వినపడలే.

నా ఇటలీ నన్ను వెతుక్కుంటా మరుసటి దినమే నేను పని చేసే ఆఫీసుకు వచ్చింది. దాని పేరు ఓబులేషు. నాతో హైస్కూల్లో చదివినాడు. కుందుర్పి పక్కన చేను, చేన్లోనే బండల మిద్దె. ఏదో సర్టిఫికెట్ పని మీద వచ్చినాడు. టీ తాగిపించినా. నేను టీ తాగిపిస్తే ఎవురికైనా అనుమానమొస్తాది, వాడు పాపం అమాయకుడు, తాగినాడు.

"ఓబులేషూ, శనివారం ఆదివారం మేమిద్దరం మీ మిద్దెకొస్తాం. ఏమంటావు?"

"రాన్నా, మీ ఇల్లే అనుకో. కాకుంటే మా ఇంటామె పుట్టింటికి పోయింది, చెల్లెలు కాన్పు. మా యవ్వకు మోకాళ్ల నొప్పులు. తిండికే కష్టంగా ఉండాది. పొద్దునా సాయంత్రం ఊరగాయ తిని తిని నాలుక చచ్చిపోయింది."

ఆడ నేను గమ్మునుండల్ల. ఉండలేదు.

"మా గంగ ఉంది కదప్పా! ఆయమ్మి చెయ్యి పడితే గడ్డి గూడా కూరైతాది. రెండు దినాలు మీకు గంగ వంట, మాకు మీ మిద్దె. సరిపోయిందా?"

వాని కండ్లు మెరిసినాయి. నా నోట్లో నుంచి ఆ మాట పోయి వాని చెవిలో పడినంక నాకు తెలిసింది, ఒకే పొయ్యిని ఇద్దరికి అమ్మినానని. ఒకరికేమో ముట్టించనని. ఇంకొకరికేమో ముట్టిస్తానని.

ఇంటికి పోయి గంగతో చెప్పినా. "ఇటలీ పద్ధతి గెస్టుహౌసు. చేన్లోనే ఉంటాది. వంటాయన గూడా ఉండాడు."

"వంటాయన పేరేంది?"

పేరు నేను ఆలోచించుకోలే. "వంటాయనే" అన్నా. గంగ లేసి సంచి తీసింది. సంచిలో రెండు చీరలు, ఒక పుస్తకం పెట్టుకుంది. గరిటె గాదు, చెంచా గూడా పెట్టుకోలే. పిల్లోళ్లను మా అక్క ఇంట్లో ఇడిసి బస్సెక్కినాం.

బస్సులో గంగ కిటికీ పక్కన కూచోని గాలికి కొంగు ఎగరేసుకుంటా పోయింది. ఎప్పుడూ లేంది నన్ను జూసి నవ్వింది గూడా. నేను టికెట్లు మళ్లా మళ్లా లెక్కబెట్టుకుంటా కూచున్నా.

చేన్లో దిగినాం. బండల మిద్దె ఉండాది. గోడ చాటున, అరుగు మీదికి కనపడకుండా, కానగ చెట్టు కింద నులకమంచం ఉండాది. నీళ్లు లేని బోరు ఉండాది. దున్ని పెట్టిన ఎర్రనేల గుట్ట దాంకా ఉండాది. దాని మీద ఒక్క పచ్చని పోచ లేదు. ఓబులేషు వాళ్ల యవ్వ చెన్నమ్మ అరుగు మీద కూచోని కాళ్లు ఒత్తుకుంటాండాది.

"రామ్మా గంగా" అని అవ్వ నోరు తెరిచింది. ఆ నోట్లో నుంచి వంట మాట రాకముందే నేను దూకినా.

"అవ్వా, నీ మోకాళ్లెట్లుండాయి?"

అవ్వ మోకాళ్ల గురించి అడిగినోళ్లు ఆ మండలంలో ఎవురూ లేనట్లుంది. శానాసేపు చెప్పింది. అంతలో గంగ మంచమెక్కి పుస్తకం తెరిచింది.

నేను ఓబులేషును మిద్దె ఎనక్కి తీసకపోయినా. "ఒక సంగతి చెప్పల్లప్పా. మా గంగకు ఒక నోము ఉండాది. వంట చేసేటప్పుడు ఎవురూ చూడగూడదు."

"ఓహో! మరి నువ్వు?"

"నేను కట్టెలందిస్తా. కండ్లు మూసుకోని."

వాడు నన్ను కిందికీ మీదికీ జూసి, "సరేన్నా, నోమంటే నోమే" అని పోయినాడు. ఇంత సులభంగా నమ్మినాడే అని నాకే వాని మీద జాలేసింది.

మళ్లీ ఇటు వచ్చి గంగతో, "వంటాయనకు సిగ్గెక్కువ, ఆడోళ్ల ముందర రాడు. నేనే పోయి తెస్తా" అన్నా.

"పాపం, ఎవురు కన్న బిడ్డో" అనింది గంగ.

ఇంగ మిద్దె ఎనక వంటింట్లో నేనూ, పొయ్యి. మీతో దాచేదేముండాది, అంతకుముందు నేను పొయ్యిని దూరం నుంచి జూసినోణ్ణే. సంగటి చెయ్యల్ల అని తెలుసు. నీళ్లు కాగినాయి, నూకలు ఏసినా, పిండి ఏసినా, కట్టె తీసుకోని యుద్ధానికి పోయినట్ల గెలికినా. పొగ కండ్లలోకి, గొంతులోకి పోయింది. దగ్గినా, దగ్గినా, ఊపిరాడక బయటికొచ్చి దగ్గితే తెలుస్తాదని లోపలనే దగ్గినా. సెనిక్కాయలు వేయించి ఊరిబిండి నూరినా. ఉప్పు ఏసినానా లేదా అని అనుమానమొచ్చి మళ్లీ ఏసినా. అనుమానం తీరక ఇంకోసారి ఏసినా.

అరుగు మీద అవ్వకూ ఓబులేషుకూ పెట్టి, "గంగ చేసి పంపించింది" అన్నా.

అవ్వ ఒక ముక్క నోట్లో ఏసుకోని గుట్ట దిక్కు జూస్తా కూచుంది. అది గొంతు దిగినంక, "నాకు పండ్లు లేవు గాబట్టి మింగినా నాయనా. పండ్లుండే ఓబులేషుది కష్టం" అనింది. ఓబులేషు తలొంచుకోని తిన్నాడు. వాని భుజాలు అదురుతాండాయి. ఏడుస్తాండాడేమో అనుకున్నా.

చెట్టు కిందికి పోయి గంగకు పెట్టినా. "వంటాయన పంపించినాడు."

గంగ ముద్ద విరిచింది. లోపల నుంచి పొడిపిండి రాలింది.

"ఇది ఏం పద్ధతి మామా?"

"ఇటలీ పద్ధతి."

"ఇటలీలో పిండి ఉడకనీయరా?"

"సగం ఉడికితేనే బలమంట."

గంగ అంతా తినింది. అదే నాకు అర్థం కాలేదు. తిని, ఎంగిలి కంచం ఆడనే ఇడిసిపెట్టి, చెయ్యి కడుక్కోని మంచమ్మీద ఒరిగింది. "అబ్బా!" అనింది. ఆ అబ్బాలో ఎన్నేండ్ల అలసటుందో ఏమో. కంచం నేనే ఎత్తినా.

పోతాంటే పిలిచింది. "మామా, వంటాయనకు దగ్గు శానా ఉండాది. ఈడికి వినపడుతాండాది. నీ దగ్గు మాదిరే ఉండాది పాపం."

"దగ్గులన్నీ ఒకే మాదిరి ఉంటాయే."

"ఈ మాత్ర ఇయ్యి. ఊరికే ఇస్తే మింగడేమో, నీ కండ్ల ముందరే మింగించు."

పోయి నా కండ్ల ముందరే మింగినా.

మధ్యాన్నం ఎండ తగ్గినంక మళ్లీ పిలుపు. "వంటాయనకు బొరుగుల ఉగ్గాని చెయ్యను వస్తాదేమో అడుగు. మిరపకాయ బజ్జీ గూడా."

"ఆయప్పకు రెస్టు వద్దా?"

"రెస్టుకు వచ్చింది నేను గద? ఆయప్ప వంటకు వచ్చినాడు." నేను ఎనక్కి తిరిగితే మళ్లీ పిలిచింది. "ఇంకోటి చెప్పు మామా ఆయప్పకు. సంగటికి నూకలు మెత్తగా ఉడికినంక పిండి కుప్పగా పోయమను. నడుమ కట్టెతో బెజ్జం చెయ్యమను. మూతపెట్టి గమ్మున కూచోమను. ఆవిరి పైకొచ్చిందాంకా కట్టె ముట్టద్దను. అప్పుడు గెలకమను. నువ్వు మరిచిపోతావేమో, ఒకసారి నాకు తిరగ చెప్పు."

తిరగ చెప్పినా. రెండుసార్లు తప్పు చెప్పినా. మూడోసారికి వచ్చింది.

ఉగ్గాని కలిపినా, బజ్జీలు చేసినా. నూనె చేతి మీద చింది బొబ్బలొచ్చినాయి. చెయ్యి ఎనక్కి పెట్టుకోని ఒంటిచేత్తో పళ్లెం ఇచ్చినా. "వంటాయన చెయ్యి జాగర్తంట చెప్పు, నూనె చిందుతాది" అనింది గంగ పుస్తకంలో నుంచి తల ఎత్తకుండా. అవ్వేమో బజ్జీ నములుకుంటా, "పట్నం పోయి ఆడబిడ్డ వంట మరిచిపోయింది పాపం, ఎవురు చెడగొట్టినారో" అనింది. నా పెండ్లాం పరువు నా చేతిలోనే పోతాంటే నేను అవ్వకు ఇంకో బజ్జీ పెట్టినా.

సాయంత్రానికి పడమర మొబ్బు పట్టింది. మా దిక్కు మొబ్బును ఎవురూ నమ్మరు. అది వస్తాది, ఊరంతా జూస్తాది, కర్ణాటకకు పోతాది. ఈసారి పోలే. గుట్ట మీద ఉరిమింది, ఎర్రమన్ను వాసన గుప్పున లేసింది, వాన దబదబా దిగింది. ఓబులేషు బయటికి ఉరికి వాన్లో నిలబడినాడు. వయసొచ్చిన మనిషి చేతులు సాపి చేన్లో గుండ్రంగా తిరిగినాడు. అవ్వ మోకాళ్ల నొప్పి మరిచిపోయి లేసి నిలబడింది. ఆ రాత్రి వండమని ఎవురూ అడగలే. బొరుగులు తిని వాన జూసినారు.

మీరంతా పట్నమోళ్లు, పదును అంటే తెలుసో లేదో. వాన పడినంక మా ఎర్రనేలలో తడి రెండు మూడు దినాలే ఉంటాది. ఆ తడి ఆరేలోపల ఇత్తనం మట్టిలోకి పోవల్ల. పోలేదంటే ఆ ఏడు అంతే. ఓబులేషు వరసగా రెండేండ్లు పంట జూల్లేదు. ఇత్తనం కాయలు మిద్దెలో మూటలు కట్టి ఈ వాన కోసమే పెట్టుకున్నాడు.

వాన తగ్గినంక నా కాడికి వచ్చి కూచున్నాడు. "అన్నా, రేపు పొద్దున్నే పక్క చేను తిప్పయ్యోళ్లు ఎద్దులు, ఇత్తనమేసే గొర్రు తీసుకోని వస్తారు. ఈడ కూలి లేదు, బదులే. రేపు వాళ్లు మా చేన్లో, ఎల్లుండి మేము వాళ్ల చేన్లో. సద్ది మాత్రం మాది. గంగక్కతో చెప్పు, సంగటి కొంచెం ఎక్కువ చెయ్యల్ల."

"కొంచెమంటే?"

మూల ఉన్న ఇత్తడి గంగాళం చూపించినాడు. దాంట్లో నేను కూచుంటే తల ఒకటే బయట కనపడతాది.

"ఇంకొకటన్నా. ఇత్తనం పొద్దు పొయ్యి ముట్టించిన మనిషే గంప నెత్తిన పెట్టుకోని చేనికి రావల్ల. మొదటి ముద్ద ఆ చేత్తోనే భూమమ్మకు పెట్టల్ల. వండింది ఒకరు, పెట్టేది ఇంకొకరైతే మొలక రాదని మా పెద్దోళ్ల మాట. అందుకే నోమున్నా గానీ అక్క ఆ ఒక్కసారికి బయటికి రావల్ల."

వాడు పోయినాడు. నేను గంగాళాన్ని జూస్తా కూచున్నా. వేరేదైతే అబద్ధానికి ఇంకో అబద్ధం కట్టేవాణ్ణి. గంగ నెత్తిన గంప పెట్టి రెండడుగులు నడిపిస్తే చాలు, పని అయిపోతాది. కానీ వానలో చేతులు సాపి తిరిగిన ఓబులేషు కండ్ల ముందర మెదిలినాడు. మొలక రాకపోతే? ఆ మాట నిజమో కాదో నాకు తెల్దు. నిజమైతే?

అప్పుడప్పుడే తెల్లారతాంటే లేసి గంగతో అంతా చెప్పేద్దామని మంచం కాడికి పోయినా. మంచం ఖాళీగా ఉండాది. అరుగు మీద అవ్వ గూడా లేదు. చేన్లో ఎద్దుల గంటలు వినపడుతాండాయి. గోడ పక్కనుంచి తొంగి చూస్తే, కొంగు నడుముకు చెక్కి గంగ గొర్రు ఎనక నడుస్తాండాది. గొర్రు మీద ఉండే చెక్క గిన్నెలోకి పిడికిట్లోంచి ఇత్తనాలు ఇడుస్తాండాది. ఎక్కువ ఇడిస్తే ఒత్తుగా పడతాయి, తక్కువైతే సందులు పడతాయి. గంగ చెయ్యి ఆగకుండా, తొందరపడకుండా పోతాండాది. పక్కన అవ్వ, "అట్లా తల్లీ, అట్లా" అంటాండాది.

నాకు ఒకటి అర్థమైంది. ఊరందరి ముందర గంగ చేన్లో ఉంటే, వంటింట్లో ఉండేది ఎవురు? అబద్ధం చెప్పే దారి గూడా లేకుండా పోయింది. ఒకటి చెప్తానప్పా, అప్పుడు నాకు బరువు దిగినట్లయింది. పొయ్యి ముట్టించినా.

నూకలు మెత్తగా ఉడికినంక పిండి కుప్పగా పోసినా. నడుమ బెజ్జం చేసినా. మూతపెట్టి గమ్మున కూచున్నా. గెలకల్లని చేతులు దురద పెట్టినాయి, అయినా కూచున్నా. ఆవిరి పైకొచ్చినంక కట్టె తీసుకున్నా. ఊరిబిండిలో ఉప్పు ఒక్కసారే ఏసినా. ముద్దలు చేసి గంపలో పేర్చి, తువ్వాలు చుట్టి నెత్తిన పెట్టుకున్నా.

చేను గట్టు ఎక్కేసరికి ముందర ఎద్దులు ఆగినాయి, తర్వాత మనుషులు ఆగినారు.  నేను మెడ కదిలించకుండా, గంప పడకుండా, అడుగులో అడుగేసి పోతాండా.

"అన్నా, గంప ఎడమ దిక్కు వాలింది" అన్నాడు తిప్పయ్య.

సరిచేసుకున్నా.

"వంటాయన సిగ్గరని చెప్పినారే, బాగానే వచ్చినాడు" అనింది అవ్వ.

చేనంతా నవ్వింది. ఓబులేషు గట్టు మీద కూలబడి నవ్వినాడు. నిన్న వాని భుజాలు ఎందుకు అదిరినాయో అప్పుడు తెలిసింది.

గంప దించినా. మొదటి ముద్ద తీసి, గొర్రు చాలు మొదట్లో తడిమట్టి మీద పెట్టి, "తల్లీ, వండింది నేనే, ఓబులేషు తప్పేం లేదు, మొలకలు ఇయ్యి" అని మొక్కినా. నవ్వేవాళ్లు ఆ ఒక్క నిమిషం ఆగినారు. ఓబులేషు తువ్వాలుతో మొకం తుడుచుకున్నాడు.

గంగ చెయ్యి కడుక్కోని గట్టు మీద నా పక్కన కూచుంది. "నువ్వు ఓబులేషుతో బేరం చేసిన సాయంత్రమే ఆయన్న మనింటికి ఫోను చేసినాడు మామా. 'అక్కా, నీ వంటకు ఏమేం సరుకులు తేవల్ల?' అని. నువ్వు చెప్పిన వంటాయన సంగతి ఆయన్నకు నేను చెప్పినా, అవ్వకు ఆయన్న చెప్పినాడు."

"అప్పుడే తెలుసా! మరెందుకు వచ్చినావు?"

"నాతోనే వండిస్తావనుకున్నా. ఆ మాట నీ నోట్లో నుంచి రాంగానే ఎనక్కి తిరిగి బస్సెక్కుదామని వచ్చినా. మా నాయన మీద ఒట్టు, ఎక్కేదాన్నే. నువ్వు పోయి పొగలో కూచుంటివి. నువ్వు దగ్గుతాంటే నాకు నవ్వొచ్చింది, మళ్లీ ఏడుపొచ్చింది. నువ్వట్ల చేస్తావని నేననుకోలేదు మామా."

"మరి రెస్టుకొచ్చి చేన్లో పని చేస్తాండావే?"

"మా పుట్టింట్లో, నల్లమాడలో, ఇత్తనం దినం మా నాయన నన్నే పిలిచేవాడు. నీ చెయ్యి మంచిదమ్మా అనేవాడు. పెండ్లైనంక ఈ పొద్దే పదును మట్టిలో కాలు పెట్టినా. నేను చేన్లో ఉంటే నా కూడు నా కాడికే నడిచొచ్చింది. ఇంతకంటే రెస్టు ఏం కావల్ల?"

నాకు కండ్లలో నీళ్లు తిరిగినాయి. పొగ అని చెప్పినా. చేన్లో పొగ యాడుందని గంగ అడగలే, ముద్ద విరిచింది. లోపల ఉండ లేదు, పొడి లేదు. ఊరిబిండి అద్దుకోని తినింది, ఇంకో ముద్ద అడిగింది. గంప అడుగు కనపడిందాంకా అందరూ తిన్నారు.

"ఏమన్నా, రేపు మా చేన్లో ఇత్తనం. బదులు" అన్నాడు తిప్పయ్య చెయ్యి నాకుతా.

"పోండప్పా, బాగా జరగల్ల" అన్నా.

"వంట గూడా బదులే మామా" అనింది గంగ. "వాళ్లింట్లో ఆడోళ్లంతా ఈ పొద్దు మన చేన్లో పని చేసినారు. రేపు పొయ్యి కాడ ఎవురుండల్ల?"

"రేపు సోమవారమే! ఆఫీసు!"

"నువ్వు పొయ్యి కాడుండంగా ఓబులేషన్న సెల్లు తీసుకోని గుట్టెక్కినా. ఆడికిపోతేనే సిగ్నలుండేది. మీ పెద్దసారు ఇంటికి ఫోను చేసి సెలవు అడిగినా."

"ఏం కారణం చెప్పినావే?"

"ఉండేదే చెప్పినా. మా ఆయన కుందుర్పి కాడ వంటకు కుదిరినాడు సార్, పదును ఆరిందాంకా రాలేడు అని."

కానగ చెట్టు కనపడలేదు నాకు, గుట్ట కనపడలేదు. ఆఫీసు కనపడింది. దాంట్లో ఉండే ప్రతి కుర్చీ, కుర్చీలో ప్రతి నవ్వు కనపడింది.

"సారేమన్నాడు?"

"వచ్చే ఆదివారం వాళ్లింట్లో మనవరాలి పుట్టెంటుకలంట. యాభై మందికి సంగటి చేస్తాడేమో అడిగి చెప్పమన్నాడు."

"నువ్వేమంటివి?"

"ఇప్పుడే మాటియ్యలేం సార్, మా వంటాయనకు ఊపిరాడకుండా పిలుపులొస్తాండాయి, కనుక్కోని చెప్తానన్నా."

అంతలో తిప్పయ్య మిద్దెలోని గంగాళం తెచ్చి, కడిగి, రేపటి వంటకని ఎత్తి బండిలో పెట్టుకున్నాడు. పెట్టుకోని నా దిక్కు జూసి, "నువ్వు గూడా ఎక్కప్పా" అన్నాడు. గంగ దిక్కు జూసినా. ఆమె అప్పుడే పిడికిలి నిండా ఇత్తనాలు తీసుకోని గొర్రు ఎనక నడుస్తాండాది. ఎక్కినా.